డప్పు దరువు, సౌండ్ బ్యాంకు: మల్టీమీడియాలో శబ్దం ఎవరిది?

బొమ్మ, మాట, పాట, కదిలే దృశ్యం అన్నీ కంప్యూటర్‌లో ఒక్కచోట చేర్చి, చూసేవాళ్ళు ముట్టుకున్నప్పుడల్లా మారేటట్టు తయారుచేసే పనిని ఇంటరాక్టివ్ మల్టీమీడియా అంటున్నం. 1990లలో ఇది సీడీ-రామ్ రూపంలో వచ్చింది. ఇయ్యాల సెల్‌ఫోన్ ఆటలల్ల, మ్యూజియం తెరల మీద, బడి పిల్లల ప్రాజెక్టులల్ల, ఉద్యమ సంఘాలు తయారుచేసే ప్రచార సామగ్రిల కనిపిస్తున్నది. ఈ పని నేర్పే పుస్తకాలల్ల సౌండ్ ఎఫెక్టులను సృజనాత్మకంగా వాడటం గురించి ఒక అధ్యాయం దాదాపు తప్పకుండ ఉంటది. అందులో చెప్పే సలహాలు ముఖ్యంగా మూడు. బొమ్మకు శబ్దం ప్రాణం పోస్తది. నొక్కినవానికి 'నీ నొక్కుడు అందింది' అని శబ్దం జవాబు చెప్తది. చూసేవాళ్ళ మనసును ఒక భావంలోకి శబ్దం తీసుకపోతది.

ఈ సలహాలతో నాకు పేచీ లేదు. ఆ అధ్యాయం అడగకుండ వదిలేసిన ప్రశ్నలతోనే పేచీ. ఎఫెక్టు అని పిలుస్తున్న శబ్దం ఎవరి చేతిలో పుట్టింది? ఏ శబ్దం శుభం, ఏది అశుభం అని ఎవరు తీర్మానించిన్రు? బొత్తాం నొక్కితే మోగే డప్పుకు, డప్పు కొట్టే మనిషికి సంబంధం ఏంది? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల శబ్దాలను ముందు పెట్టుకొని ఈ ప్రశ్నలను చర్చించాలని ఈ వ్యాసం ప్రయత్నం. 2016 దాకా ఈ మూడు జిల్లాలల్ల ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లాలోనే ఉండె. దళిత, బహుజన, ఆదివాసీ శబ్ద సంపద ఇంత దట్టంగా ఉన్న నేలలు తెలుగు దేశంల తక్కువ.

1. జాబితాలో ఎవరున్నరు?

ముందుగాల యంత్రం సంగతి చూద్దాం. 1991లో ఎలక్ట్రానిక్ వాయిద్యాల కంపెనీలు కలిసి 'జనరల్ మిడి' అనే ఒక ప్రమాణం తెచ్చినయ్. ఏ కంపెనీ కీబోర్డు కొన్నా, ఏ కంప్యూటర్‌ల సౌండ్ కార్డు పెట్టినా, ఫలానా నంబరుకు ఫలానా వాయిద్యమే మోగాలని దాని ఉద్దేశం. మొత్తం 128 స్థానాలు. పియానోలు, గిటార్లు, వయొలిన్ కుటుంబం, బూరలు మొదలైనవి చాలా భాగం ఆక్రమించినయ్. మిగతా ప్రపంచానికి కలిపి ఇచ్చిన వరుసలో మన దేశం నుంచి రెండు వాయిద్యాలకు చోటు దొరికింది: 105వ నంబరు సితార్, 112వ నంబరు షెహనాయి. జపాన్ వాళ్ళ టైకో డోలుకు 117వ నంబరు ఉన్నది. డప్పు లేదు. తాళవాద్యాలకు వేరుగా 47 శబ్దాల పట్టిక ఉన్నది. అందులో తబలా గూడ లేదు, ఇగ డప్పు మాట ఎక్కడిది?

ఆ 128లో చివరి ఎనిమిది స్థానాల పేరే 'సౌండ్ ఎఫెక్ట్స్'. గిటార్ తీగ మీద వేలు జారే చప్పుడు, ఊపిరి, సముద్రపు ఒడ్డు, పిట్ట కూత, టెలిఫోన్ గంట, హెలికాప్టర్, చప్పట్లు, తుపాకి పేలుడు. ఒక తరం ప్రోగ్రామర్లకు శబ్ద ప్రపంచం అంటే ఏందో ఈ ఎనిమిది పేర్లు చెప్తయ్. అందులో పని శబ్దం ఒక్కటి లేదు. రోకలి లేదు, మగ్గం లేదు, తోలు కొట్టే చప్పుడు లేదు.

పరిస్థితి తర్వాత మారలేదా అంటే కొంత మారింది. అమెరికాలోని ఎంఐటి 2007లో విడుదల చేసిన 'స్క్రాచ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దేశదేశాల బడి పిల్లలు వాడుతున్నరు. రంగు దిమ్మెలు పేర్చినట్టు ఆదేశాలు పేర్చి ఆట తయారుచేయొచ్చు. దాని శబ్దాల పెట్టెలో జంతువులు, ఎఫెక్టులు, తాళవాద్యాలు, గొంతులు అని వరుసలున్నయ్. తబలా దెబ్బలు కొన్ని అందులో చేరినయ్. మంచిదే. అయితే చేరింది తబలా. సంగీత సభల్లో మర్యాద సంపాదించుకున్న చర్మవాద్యం ముందు చేరింది. ఊరవతల వాడలో మోగే చర్మవాద్యం ఇంకా బయటనే నిలబడ్డది. రెండింటి మీదా ఉన్నది పశువు తోలే గదా! తేడా తోలులో లేదు, దాన్ని ముట్టుకున్న చేతుల కులంలో ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె. ఎంఐటి ఇంజనీర్లో జపాన్ కంపెనీలో కూర్చొని డప్పును వెలివేద్దామని తీర్మానం చేసుకోలేదు. వాళ్ళకు డప్పు తెలియనే తెలియదు. ప్రపంచానికి మన సంగీతం ఇదీ అని చూపించిన పెద్దమనుషులు, అకాడమీలు, రేడియోలు, సంగీత కళాశాలలు ఎవరిని ముందు నిలబెట్టినయో, యంత్రం వాళ్ళనే నమోదు చేసుకున్నది. దేశంల కులం గీసిన గీత సిలికాన్ చిప్పు మీదికి అట్లనే ఎక్కింది. సౌండ్ బ్యాంకును తటస్థమైన సాంకేతిక సాధనం అనుకునేవాళ్ళు ఈ దారిని ఒకసారి వెనక్కి నడిచి చూడాలె.

2. డప్పు పెడితే చావేనా?

జాబితాలో లేకపోవడం ఒక అన్యాయం. జాబితాలోకి వచ్చిన తీరు ఇంకో అన్యాయం. తెలుగు సినిమా డప్పును వాడుకున్నది, బాగనే వాడుకున్నది. ఎక్కడ? శవయాత్రలో, తాగి ఎగిరే పాటలో, జాతరలో కొట్లాట మొదలయ్యే ముందు, విలన్ ఊర్లోకి వచ్చేటప్పుడు. పెండ్లి అంటే సన్నాయి, తెల్లవారితే వేణువు, తల్లి ప్రేమకు వీణ. ఎనభై తొంభై ఏండ్ల సినిమా ఈ లెక్కను మన చెవుల్లో పాతేసింది. ఇప్పుడు మల్టీమీడియా చేసే పిల్లలు ఈ లెక్కనే నిఘంటువు లెక్క వాడుతున్నరు.

ఒక శిక్షణా తరగతిలో నేను కూడా కూర్చున్న. మానుకోట దిక్కు నుంచి వచ్చిన ఒక విద్యార్థి తన ఊరి మీద ప్రాజెక్టు చేసిండు. తెర తెరుచుకోంగనే డప్పు దరువు. పాఠం చెప్పే ఆయన విని, 'ఓపెనింగ్ శుభంగా ఉండాలె, వీణ పెట్టు, డప్పును చావు సీన్‌కు దాచుకో' అన్నడు. ఆయన ఆ మాటను కులంగా అనలేదు, సౌందర్యశాస్త్రంగా అన్నడు. అదే అసలు ప్రమాదం. కులం తన పేరుతో వస్తే పోరగాండ్లు తిరగబడతరు. 'మూడ్' అనే పేరుతో వస్తే నోట్సు రాసుకుంటరు.

డప్పు తెలిసినవాళ్ళకు డప్పు ఒకటి కాదు. చావుకు కొట్టే దరువు వేరు, పెండ్లికి వేరు, జాతరకు వేరు, బోనాలకు వేరు, సాటింపుకు వేరు. కుడిచేతిలో పొట్టిగ, లావుగ ఉండే సిర్ర. ఎడమచేతిలో సన్నగ, పొడుగ్గ ఉండే చిటికెన పుల్ల. సిర్ర మాట చెప్తే పుల్ల దానికి వంత పాడుతది. కొట్టే ముందు మంట దగ్గర కాపితే తోలు బిగుసుకుంటది, గొంతు లేస్తది. సల్లబడితే గొంతు దిగుతది, మళ్ళ కాపాలె. వానకాలం డప్పు, ఎండకాలం డప్పు ఒక్కతీరు పలకవు. ఇంత భాష ఉన్న వాయిద్యాన్ని 'విషాదం', 'హింస' అనే రెండు అరలల్ల పెట్టుడు సృజనాత్మకత ఎట్లయితది? అది చెవిటితనం.

'విలేజ్ యాంబియెన్స్' అనే మరో సరుకు ఉన్నది. పల్లె వాతావరణం అని అమ్మే ఆ శబ్దంలో కోయిల, ఎడ్ల మెడ గంటలు, గుడి గంట, దూరంగ ఎవరో పిలిచిన పిలుపు ఉంటయ్. ఆ మైకు ఊరి నడిమిట్ల నిలబడ్డది. అదే మైకును మాదిగవాడలో, మాలవాడలో, తండాల పెడితే వేరే పల్లె వినిపిస్తది. నల్లా దగ్గర బిందెల కొట్లాట, తెల్లారక ముందే కూలికి లేసే ఆడవాళ్ళ మాటలు, ట్రాక్టర్ వచ్చి కొట్టే హారన్, అంబేద్కర్ విగ్రహం దగ్గర ఏప్రిల్ 14న పెట్టే మైకుసెట్టు. శబ్దం ఎక్కడ రికార్డయిందనేది సాంకేతిక వివరం కాదు. అది ఎవరి కంట చూసి ఎవరి చెవిన విన్న ఊరో చెప్పే వివరం.

3. చెయ్యి తెగిన శబ్దం

కెనడా సంగీతకారుడు, శబ్ద పరిశోధకుడు ముర్రే షేఫర్ 1960ల చివర 'స్కిజోఫోనియా' అనే మాట తయారుచేసిండు. శబ్దం తను పుట్టిన చోటు నుంచి, మనిషి నుంచి తెగిపోయి యంత్రంలో తిరుగుడును ఆయన అట్ల పిలిచిండు. రికార్డింగు యంత్రం వచ్చినంకనే ఈ రోగం వచ్చిందని ఆయన బాధ.

మన అనుభవం ఆయన సిద్ధాంతానికి ఒక సవరణ చెప్తది. మన శబ్దం మన నుంచి తెగడానికి యంత్రం దాకా ఆగలేదు. దొరల పాలన ఉన్న రోజుల్లో జనగామ తాలూకాల సాటింపు వేసిన చెయ్యి మాదిగది, సాటిన మాట దొరది, పటేలుది. తోలు మనది, ఒళ్ళు మనది, చెమట మనది, ఆజ్ఞ వాళ్ళది. దానికి కూలి లేదు, వెట్టి. కొట్టినవాని నుంచి కొట్టిన శబ్దాన్ని వేరుచేసే తొలి యంత్రం కులమే. గ్రామఫోను తర్వాత వచ్చింది.

ఈ తెగిన చెయ్యిని మళ్ళ అతికించే ప్రయత్నం మన కండ్ల ముందట జరిగింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాటం తనకు దండోరా అనే పేరు పెట్టుకున్నది. ఊరి పెద్దల మాట సాటడానికి వాడిన దండోరాను తమ మాట సాటడానికి తిప్పుకున్నది. 2025లో అదే ఉద్యమం 'వేల గొంతులు, లక్ష డప్పులు' అని పిలుపు ఇచ్చింది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా ఉండనీ, శబ్దం గురించి ఆలోచించేవాళ్ళకు ఇది పెద్ద పాఠం. దరువు మారలేదు, తోలు మారలేదు. ఎవరి మాట మోస్తున్నదనేది మారింది. సృజనాత్మక ప్రయోగం అంటే నా ఉద్దేశంలో ఇది.

యంత్రం కాలంల జరిగిన తెగుడు ఎట్లుంటదో నల్లజాతి వాళ్ళ చరిత్ర చెప్తది. 1969లో 'ది విన్‌స్టన్స్' అనే అమెరికన్ బృందం చేసిన 'ఆమెన్, బ్రదర్' అనే రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్మర్ ఆరేడు సెకండ్లు ఒంటరిగ వాయించిండు. ఆ ముక్కను కత్తిరించి, తిప్పి తిప్పి అతికించి వేల పాటలు చేసిన్రు. హిప్‌హాప్ నుంచి ఇంగ్లండ్ 'జంగిల్' సంగీతం దాకా దాని మీద నిలబడ్డయ్. కోల్‌మన్‌కు పైసా రాలేదు. 2006లో నిలువ నీడలేక చనిపోయిండు. 1992లో 'డీప్ ఫారెస్ట్' అనే ఫ్రెంచి బృందం సాలమన్ దీవుల అఫునక్వా అనే ఆమె పాడిన జోలపాటను తమ పాటలో కలుపుకొని ప్రపంచమంతా అమ్మింది. ఆ పాటను రికార్డు చేసిన పరిశోధకుడు హ్యూగో జెంప్ దీన్ని తప్పుపట్టిండు. స్టీవెన్ ఫెల్డ్ 2000లో దాని మీద వ్యాసం రాసిండు. అందరికీ అది 'అడవి గొంతు' అయింది, ఆమెకు మాత్రం పేరు లేకుండ పోయింది.

మనదగ్గర? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్ల వినిపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్నడని పత్రికలు రాసినయ్. బిరుదు గోడకు, శబ్దం మార్కెట్‌కు, మనిషి కూలికి. ఈ మూడు దారులు ఎందుకు వేరయినయ్ అనేది సాంస్కృతిక విమర్శ అడగాల్సిన ప్రశ్న.

4. జవాబు చెప్పే శబ్దం మనకు కొత్తనా?

ఇంటరాక్టివ్ శబ్దం అంటే ఆడేవాని పనిని బట్టి మారే శబ్దం. 1991లో అమెరికాలోని లూకాస్ఆర్ట్స్ కంపెనీ 'ఐమ్యూజ్' అనే పద్ధతి తయారుచేసి 'మంకీ ఐలండ్ 2' అనే ఆటలో వాడింది. ఆడేవాడు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోతే సంగీతం టక్కున తెగకుండ, నడుస్తున్న దరువులోనే సందు చూసుకొని మెల్లగ మారుతది. పుస్తకాలు దీన్ని పెద్ద ముందడుగు అంటయ్. ముందడుగే.

కానీ జనగామ దిక్కు పోయి ఒగ్గుకథ విన్నవాళ్ళు నవ్వుకుంటరు. లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురంకు చెందిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసిండు. ఆయన కథ చెప్తుంటే పక్కవాద్యం అచ్చం అట్లనే నడిచేది. కథకుని అడుగు చూసి డోలు మారుతది. జనం నవ్వితే ఆగుతది, ఏడిస్తే సన్నబడుతది. వంతపాటగాడు మధ్యల ప్రశ్న అడుగుతడు, జనం తరఫున అడుగుతడు. కథ ఎంతసేపు సాగాలె, ఏ ఘట్టం పెంచాలె, ఏది దాటేయాలె అనేది ఎదుట కూసున్న జనం ముఖాలు చూసి తేలుతది. కంప్యూటర్ భాషల చెప్పాలంటే ఇన్‌పుట్ జనం, అవుట్‌పుట్ డోలు.

చిందు యక్షగానం ఇంకో అడుగు ముందుకు పోతది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించిన్రు. చిందోళ్ళు మాదిగలకు ఆశ్రిత కులం. వాళ్ళు ఆడే జాంబపురాణంలో జాంబవంతునికి, బ్రాహ్మణునికి వాదం జరుగుతది. సృష్టి ముందు ఎవరున్నరు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని ప్రశ్న, జవాబు, ఎదురు ప్రశ్న. అక్కడ గజ్జెల చప్పుడు, మద్దెల దెబ్బ అలంకారం కోసం ఉండయ్. వాదంల గెలిచిన మాట మీద దెబ్బ పడుతది. ఆ దెబ్బ విన్న వాడ జనం తల ఎత్తుతరు. అంటే శబ్దం తీర్పు చెప్తున్నది. పుస్తకం చెప్పే 'నీ నొక్కుడు అందింది' అనే ఫీడ్‌బ్యాక్ ఎక్కడ, 'నీ వాదం నిలిచింది' అనే ఫీడ్‌బ్యాక్ ఎక్కడ!

ఇదే నేల మీద పాలకుర్తి ఉన్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం పోయే జనం పాటలను, ఆటలను, వాయిద్యాలను పేరు పేరునా రాసిపెట్టిండు. దాన్ని తెలుగులో తొలి శబ్ద జాబితాల్లో ఒకటి అనుకోవచ్చు. జనరల్ మిడికి, దానికి తేడా ఏందంటే సోమనాథుడు వాయిద్యంతో పాటు దాన్ని పట్టుకొని నడిచే భక్త జనాన్ని కూడా చూసిండు. అయితే అది భక్తి చట్రంలో చూసిన చూపు. వాయించేవాని కులం, కూలి, ఆకలి గురించి అడిగే పని మనకే మిగిలింది.

మన కళలు ముందే ఇంటరాక్టివ్, కాబట్టి పాశ్చాత్యులు చేసింది కొత్తేం కాదని చాతి విరుచుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. అట్ల విరుచుకునేవాళ్ళు వేదాల్లో విమానాలు కూడా చూపిస్తరు. సాంకేతిక పద్ధతి అమెరికాల పుట్టింది, దాన్ని మనం నేర్చుకోవాలె. కానీ శబ్దానికి, జనానికి మధ్య సంబంధం ఎట్లుండాలనే ఆలోచనను బయటినుంచి తెచ్చుకునే అవసరం మనకు లేదు.

5. ఎఫెక్టు అనలేని శబ్దాలు

కొన్ని శబ్దాలకు తారీఖు ఉంటది. జాబితాలో 128వ నంబరు తుపాకి పేలుడు. కంప్యూటర్ ఆటల్లో అది రోజుకు కోట్లసార్లు మోగుతది. కడవెండిలో తుపాకి పేలుడంటే 1946 జూలై 4, దొడ్డి కొమురయ్య ప్రాణం. తెలంగాణ సాయుధ పోరాటం మీద ఎవరన్న ప్రాజెక్టు చేస్తే ఆ పేలుడును లైబ్రరీ నుంచి దించుకొని పెట్టొచ్చా? పెట్టొచ్చు, చాలామంది పెడతరు. కానీ ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు కొమురయ్య కూలిపోయేటట్టు పెట్టుడు సృజన అనిపించుకోదు. అక్కడ ఒక్కసారి మోగి, మళ్ళ నొక్కితే మోగకుండ ఉండే శబ్దం కావాలె. ప్రోగ్రాంల అది ఒక్క వరుస ఆదేశం. ఆలోచనల అది చరిత్ర మీద గౌరవం.

భూపాలపల్లిది గని శబ్దం. కాకతీయ ఖనుల సైరన్, షిఫ్టు బస్సులు, ఓపెన్‌కాస్టు పేలుళ్ళు, చెల్పూరు కరెంటు కేంద్రం హోరు. గని పేలుడుకు ఇల్లు అదిరేవాళ్ళకు అది 'ఇండస్ట్రియల్ యాంబియెన్స్' కాదు. అదే జిల్లాలో 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ దగ్గర పెద్ద చప్పుడు వినిపించిందని వార్తలొచ్చినయ్, ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయ్. అక్కడ శబ్దం సాక్ష్యమయింది. కుంగిన తర్వాత వచ్చిన నివేదికలు, వాదనలు, రాజకీయాలు అన్నీ ఆ చప్పుడు వెనుకనే నడిచినయ్. ఈ ప్రాంతపు శబ్ద పటం ఎవరన్న తయారుచేస్తే గోదావరి గలగల ఒక్కటే పెడితే అబద్ధమయితది.

మహబూబాబాద్‌ల తండాల నంగారా, కోయగూడేల డోలు ఉన్నయ్. కోయ డోలు పట్టుకున్నోళ్ళకు వాయిద్యం, వంశ కథ, దేవతల పడిగె ఒక్కటే. మేడారం సమ్మక్క-సారలమ్మ కథను పాడి చెప్పిన మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయిండు. ఆయనతో పోయింది ఒక డోలు చప్పుడు మాత్రమే అనుకుంటే మనం మళ్ళ ఎఫెక్టు దగ్గరనే ఆగినట్టు. పోయింది ఒక చరిత్ర గ్రంథం. ఇంకో మాట, ఆదివాసుల శబ్దాలను దళిత శబ్దాల కింద కలిపేసుకునే హక్కు మనకు లేదు. వాళ్ళ సాంప్రదాయంల కొన్ని శబ్దాలు కొన్ని సమయాల్లోనే మోగాలె. బొత్తాంకు సమయం తెలియదు, మనకు తెలియాలె.

6. కొట్టను అనే హక్కు

దళిత ఉద్యమంలోనే డప్పు మీద రెండు అభిప్రాయాలున్నయ్. డప్పు మన అస్తిత్వం, మన ఆయుధం అనేది ఒకటి. ఊరి చావులకు, ఊరి జాతరలకు డప్పు కొట్టుడు కులవృత్తి సంకెల, దాన్ని తెంపుకోవాలనేది రెండోది. తమిళనాడులో పరై విషయంలో ఇదే వాదం నడిచింది. కొట్టనని మొరాయించిన ఊర్లున్నయ్, గర్వంగ మెడకేసుకున్న యువకులున్నరు. డప్పు కొట్టి బతికిన తండ్రి కొడుకుగ నేను ఈ రెండింటి బరువూ ఎరుగుదును. మల్టీమీడియా తెర మీద రంగు రంగుల డప్పు పెట్టి 'నొక్కండి, మోగించండి' అంటే మొదటి వాదాన్ని అలంకారం చేసి, రెండో వాదాన్ని తుడిచేసినట్టయితది. నొక్కినప్పుడల్లా మారుమాట లేకుండ మోగే డప్పు వెట్టి డప్పే. యంత్రం రూపంల వచ్చిన వెట్టి.

ఇక్కడనే ఇంటరాక్టివ్ మాధ్యమం మనకు ఒక అవకాశం ఇస్తది. సినిమా ఇయ్యలేని అవకాశం. నొక్కితే మోగని డప్పును తయారుచేయొచ్చు. తెర మీద చావు ఇల్లు. చూసేవాడు డప్పు బొమ్మను నొక్కుతడు. శబ్దం రాదు. డప్పు పట్టుకున్న మనిషి తలెత్తి 'కూలెంత?' అని అడుగుతడు. చూసేవాడు జవాబు ఎంచుకోవాలె. 'రివాజు గదా' అని ఎంచుకుంటే డప్పు కింద పెట్టి పోతడు, ఆ నిశ్శబ్దంల ఊరు ఎట్లుంటదో వినాలె. కూలి ఒప్పుకుంటే ఒక దరువు. 'మన సభకు రా అన్నా' అని పిలిస్తే ఇంకో దరువు. ఒకే తోలు, ఒకే చెయ్యి, మూడు సంబంధాలు. ఇది చేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, బడి పిల్లల స్క్రాచ్ చాలు. పుస్తకాలు నిశ్శబ్దాన్ని 'విరామం' అంటయ్. మనకు నిశ్శబ్దం సమ్మె.

వాడలోని ఆడవాళ్ళ సంగతి కూడా ఇక్కడనే అడగాలె. డప్పును దళిత శబ్దానికి ఏకైక గుర్తు చేస్తే, ఆనవాయితీగ డప్పు చేతికియ్యని సగం జనం శబ్దం ఏమయితది? నాట్ల పాట, ఇసుర్రాయి పాట, చావుల దగ్గర మాట కట్టి ఏడ్చే ఏడుపు, ఇవి రికార్డు చేస్తే మన సొంత పటం గూడ మారుతది.

7. పని చేసేవాళ్ళకు కొన్ని మాటలు

విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఈ పనిలోకి వస్తున్నరు కనుక కొన్ని ఆచరణ విషయాలు.

సెల్‌ఫోన్‌తోని రికార్డు చేసేటప్పుడు శబ్దం తగ్గించే, సరిచేసే ఆటోమేటిక్ ఏర్పాట్లు ఉంటే బంద్ చేయాలె. అవి మనిషి మాటను కాపాడడానికి తయారైనయ్. డప్పును రణగొణ కింద లెక్కకట్టి అణగదొక్కుతయ్. దగ్గర పెడితే శబ్దం చిట్లుతది, కొంచెం దూరం జరగాలె. ఎంపీ3 చేసి బాగ కుదిస్తే దెబ్బ మొన మొద్దుబారుతది. అసలు రికార్డును వేవ్ రూపంల దాచి, తర్వాతనే కుదించాలె.

ఒక్క దెబ్బను రికార్డు చేసి పదే పదే వాడితే మిషన్ గన్ లెక్క మోగుతది. సిర్ర దెబ్బ వేరుగ, పుల్ల దెబ్బ వేరుగ, నడుమ కొట్టింది, అంచున కొట్టింది, కాపక ముందుది, కాపినంకది, ఒక్కొక్కటి నాలుగైదు సార్లు తీసుకొని మార్చి మార్చి మోగేటట్టు పెట్టాలె. నలుగురు కలిసి కొట్టిన దరువును నలుగురితోనే రికార్డు చేయాలె. ఒకన్ని నాలుగుసార్లు అతికిస్తే జట్టు కాదు. దరువు నడుస్తుంటే వేగం పెరుగుతది, కాబట్టి చిన్న ముక్కను గుండ్రంగ తిప్పితే దరువు సచ్చిపోతది.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు 'ట్రైబల్ డ్రమ్ 3' అని పెట్టొద్దు. ఒప్పుకున్న కళాకారుని పేరు, ఊరు, దరువు పేరు, ఏ సందర్భం దరువో రాయాలె. ప్రాజెక్టుల ఆ శబ్దం మోగినప్పుడు ఆ పేరు చూసేవానికి అందే దారి ఉండాలె.

అన్నిటికన్నా ముందు హక్కు. 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణ కళాకారుని ప్రదర్శన హక్కును చేర్చింది. 2012 సవరణ దాన్ని బలపరిచి, తన ప్రదర్శనకు తన పేరు కోరే నైతిక హక్కును, వ్యాపారానికి వాడితే రాయల్టీ పొందే హక్కును చెప్పింది. అది రాగం తెలిసిన పాటగానికే కాదు, డప్పు కొట్టే మనిషికి కూడా వర్తిస్తది. రాతపూర్వక ఒప్పందం తెలుగుల రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆయన చేతికి ఇయ్యాలె. 'జానపదం అందరిదీ' అనే మాట వినడానికి కమ్మగుంటది. అందరిదీ అయిన సొమ్ము చివరికి ఎవరి జేబులోకి పోతున్నదో చూస్తే చేదు తెలుస్తది.

రేపు మ్యూజియంలల్ల, బడులల్ల, ఫోన్లల్ల మన పల్లె ఎట్ల వినిపించాలనేది ఇప్పుడే తేలుతున్నది. యంత్రాలకు శబ్దాలు నేర్పే కాలం ఇది. ఇప్పుడు లైబ్రరీలోకి పోని శబ్దం రేపటి యంత్రానికి లేనట్టే. తప్పుడు పేరుతో పోయిన శబ్దం ఆ తప్పుడు పేరుతోనే నిలుస్తది. విశ్వవిద్యాలయాల జానపద విభాగాల అరలల్ల టేపులు పడి ఉన్నయ్. వాడలల్ల పాత దరువులు తెలిసిన చేతులు ఇంకా ఉన్నయ్. జనగామ, మానుకోట, భూపాలపల్లి కాలేజీలల్ల చదివే మన పిల్లలు సెలవుల్లో తమ తమ ఊర్ల నుంచి ఒక్కొక్క దరువు, దాన్ని కొట్టిన మనిషి పేరు, ఆయన చెప్పిన మాట, ఆయన పెట్టిన షరతు తీసుకొని రావాలె. షరతును గూడ దరువుతో పాటు భద్రం చేయాలె.